ఈ దేశంలో మీతో ఎవరున్నారు?

ఎనభైల్లో ప్లెయిన్స్‌బరోలో మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఒక ఇంజనీరుగారు ఉండేవారు. నేను అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. ఏప్రిల్ వచ్చిందంటే మా కాంప్లెక్స్‌లోని తెలుగువాళ్ళ స్టేట్ టాక్స్ ఫారాలన్నీ ఆయన డైనింగ్ టేబుల్ మీదే ఉండేవి. ముందు పెన్సిల్‌తో రాసి, సరిచూసుకుని, ఆ తరవాతే పెన్నుతో దిద్దేవారు. తమతో కలిపి ఇంట్లో ఎంతమందో వేస్తే మనిషికి ఇంత అని పన్ను తగ్గించే గడి దగ్గర ఆగి, కళ్ళజోడు పైనుంచి చూస్తూ అందరినీ ఒకటే అడిగేవారు.

"ఈ దేశంలో మీతో ఎవరున్నారు?"

మేం ఇండియాలో ఉన్నవాళ్ళని కూడా కలిపి చెప్పేవాళ్ళం.

"నెలనెలా డబ్బు పంపినా సరే, వాళ్ళని క్లెయిమ్ చేయడానికి లేదమ్మా," అని కొట్టేసేవారు. ఆ మాట అంత తేలిగ్గా అనేస్తారని నాకు కోపంగా ఉండేది.

ఒక అక్టోబర్‌లో ఆయన భార్య చనిపోయింది. వాళ్ళకి పిల్లలు లేరు. "చనిపోయిన సంవత్సరానికి తన పేరు రాయొచ్చు, రూల్ ఉంది," అంటూ ఆ ఏప్రిల్‌లో ఆవిడ పేరు గుండ్రంగా రాసుకుని, ఆ గడిలో రెండు అంకె వేశారు.

మరుసటి ఏప్రిల్‌లో తన ఫారం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆ ఒక్క గడి తప్ప అంతా పెన్నుతో నింపి ఉంది.

"ఈసారి మీరు అడగండమ్మా," అన్నారు.

అడిగాను. ఆయన ఆ గడిలో పెన్సిల్‌తో సన్నగా ఒకటి అంకె వేశారు. దిద్దమని పెన్ను అందించాను. తీసుకోలేదు.

దాని మీద సిరాతో దిద్దింది నేనే.