పొడుగు గొట్టాలు కావాలన్నది నేనే

కారు గొట్టాలు ఊడిపోవడంలో మెకానిక్ మునిరత్నం తప్పేమీ లేదని రెండేళ్లపాటు ఎవరికీ చెప్పలేదు.

చిత్తూరులోని అతని షెడ్డులో, కారు వేగం పెరగాలని ఇంజన్ పొగగొట్టాలు మార్పించాను.

"పొడుగువి కిందికి దిగతాయన్నా. మన స్పీడ్‌బ్రేకర్లకు పొట్టివే మేలు" అన్నాడు.

"పొడుగువైతేనే పికప్పు. బిగించప్పా!" అన్నాను.

ఆ ఆదివారమే మామగారితో తిరుచానూరు వెళ్లాను. స్పీడ్‌బ్రేకర్ తగిలి గొట్టాలు ఊడాయి. కారు ఉరిమింది. పూలమ్మే ఆమె బుట్టతో సహా పరుగెత్తింది.

"యాడ పేలిండాది సామీ!"

"ఎవురప్పా బిగించింది?" అన్నారు మామగారు.

"మునిరత్నం. వానికి పని రాదు" అనేశాను.

మామగారు తన ట్రావెల్స్ కార్లన్నీ వేరే షెడ్డుకు మార్చేశారు.

మొన్న ఆయన్ని వెంటబెట్టుకుని మునిరత్నం దగ్గరకు వెళ్లాను. పనివాళ్లందరూ వింటుండగా చెప్పాను:

"నువ్వు వద్దంటివి, నేనే వినలేదు. మామకు అబద్ధం చెప్పి నీ పేరు చెడగొట్టినాను. మన్నించప్పా."