చెప్పులు విడిచే బండ

కొటేషన్ అడిగేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. నంద్యాలలో మాది బండల దుకాణం. మా ఆయన బేతంచెర్లలో ఉండి పాలిష్ పనీ లారీలూ చూసుకుంటాడు. ఇక్కడ కంప్యూటరూ, వచ్చేపోయే జనంతో వాదనలూ నా పాలు. "ఉత్తదే అక్కా, ఒక కాగితం రాసియ్యి" అంటారు. ఆ కాగితం పట్టుకొని పక్క దుకాణంలో బేరమాడతారు. మళ్లీ వచ్చి వంటిల్లు తీసెయ్, వరండా కలుపు అంటారు. రాసిందే రాసి, దిద్దిందే దిద్ది, చివరికి ఒక కొటేషన్ బిల్లుగా మారిందంటే ఆ రోజు నాకు పండగే.

కంప్యూటర్లో దానికొక బటన్ ఉంది. నొక్కితే కొటేషన్ కాస్తా బిల్లయిపోతుంది. ఆ తర్వాత మార్చాలంటే ఆడిటరుతో చీవాట్లు తినాలి. అందుకే అన్నీ సరిచూసుకునేదాకా దాని మీద వేలు పెట్టను.

పోయినేడాది వానలు ముదిరిన రోజుల్లో ఆళ్లగడ్డ పక్క పల్లె నుంచి ఒక చర్చి పెద్ద వచ్చాడు. రిటైరైన బడిపంతులు. కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"వాన పడితే సాలు తల్లీ, రేగడి మన్నంతా కాళ్లకంటుకొని చర్చి లోపలికొస్తాంది. ముసలోళ్లు జారి పడతాండారు. క్రిస్మస్ కల్లా వాకిట్లో ఒక పెద్ద బండ పరిచి, చెప్పులు ఆడనే ఇడిపిచ్చాల. ఎట్లా పని పెట్టుకుంటాండాం కదాని లోపల కూడా ఏపిద్దామనుకుంటాండాం."

న్యాయమైన మాటే. వాకిట బండ, మెట్లు, హాలు, వేదిక అన్నీ కలిపి చర్చి పేరున ఒకే కొటేషన్ రాసిచ్చాను.

ఆదివారం దాటగానే ఫోను. వేదిక బండలు ఒక ఇంటివాళ్లు ఇస్తారట, అది విడగొట్టి వాళ్ల పేరున ఇంకో కొటేషన్ రాయాలట. రాశాను. తర్వాతి ఆదివారానికి మెట్లు మరొకరివయ్యాయి. హాలులో ఎడమ పక్క ఒకరిది, కుడి పక్క వాళ్ల వియ్యంకులది. కిటికీల కింద వరస ఎవరిదని ఇద్దరు అన్నదమ్ములు మా దుకాణంలోనే గొంతులు చించుకున్నారు. సోమవారం వస్తే చాలు, నాకు తలపోటు. దానం చేసేవాళ్లను తిట్టకూడదు కాబట్టి లోలోపలే తిట్టుకున్నాను.

"ఇన్ని కాగితాలెందుకు సార్, ఒక్క బిల్లు తీసుకొని పంచుకోండి" అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఆళ్లగడ్డలో రాయి చెక్కేటాయన ఉండాడు గదమ్మా. బిల్లులో యా పేరుంటే ఆ పేరే బండ మీద చెక్కుతాడు. ముందు నోటిమాట మీద చెక్కితే కొట్లాటలైనాయి."

పేర్లన్నీ గోడ వెంబడి వేసే వరసలో చెక్కుతారట, ఎవరి కాలూ పడకుండా.

డిసెంబరు వచ్చేసరికి కొటేషన్ అంతా ముక్కలై, ఒక్కో ముక్కకూ ఒక యజమాని దొరికాడు. వాకిట బండ మాత్రం మిగిలిపోయింది. "చెప్పులిడిసే తావు గదమ్మా, ఎవురూ మాది అనడంల్యా" అన్నాడు పంతులు సార్ నీరసంగా. చర్చి పేరునే బిల్లు చేయాలంటే చర్చి డబ్బు తీయాలి, దానికి మళ్లీ మీటింగు పెట్టాలట. ఏ బండ కోసం ఆయన మొట్టమొదట నా గడప తొక్కాడో, ఆ బండే ఎవరికీ అక్కర్లేకపోయింది!

అవతల బేతంచెర్లలో లారీ లోడై నిలబడింది. లోడులోని ప్రతి బండకూ బిల్లు లేనిదే కదలదు. సాయంత్రానికి బండలు రాకపోతే వేరే పనికి పోతామని మేస్త్రీలు కూర్చున్నారు. పోతే క్రిస్మస్ లోపల మళ్లీ దొరకరు.

"ఏం చేస్తాండావ్ ఆడ? డ్రైవరు నన్ను తింటాండాడు!" అని మా ఆయన ఫోను మీద ఫోను.

పేరు లేకపోతే ఆ కంప్యూటరు బటన్ పని చేయదు. విసుగెత్తి, వాకిట బండ కొటేషన్ మీద నా పేరు కొట్టి నొక్కిపారేశాను. దాని ఖర్చు నేనే పెట్టుకున్నాను. పుణ్యానికేం కాదు, పీడ వదిలితే చాలని.

వారం తిరక్కముందే ఫోన్లో ఫొటో వచ్చింది. వాకిట బండ నట్టనడుమ, ఇంటిపేరుతో సహా, అరచేతులంత అక్షరాల్లో నా పేరు. చెక్కేటాయనను ఏమని తప్పు పట్టేది? తొందరలో ఆ సంగతి మరిచింది నేనే, ఆయన బిల్లు చూసి చెక్కాడు. మా అత్త ఫొటో చూసి, "మన ఇంటిపేరు పోయిపోయి చెప్పుల కాడనా?" అని అన్నం మానేసింది.

ఆ బండ తిరగేయించి తీరాలని ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కాను. అడగాల్సినవన్నీ దారి పొడుగునా కూడబెట్టుకున్నాను. పల్లెలో దిగేసరికి ముసురు. చర్చిలో పాటలు పాడుతున్నారు. వాకిట్లో చూద్దును కదా, బండ కడిగిన కంచంలా ఉంది. దాని మీద ఒక్క చెప్పు లేదు. చెప్పులన్నీ రెండు పక్కలా బురదలో పడి ఉన్నాయి. బండ తొక్కకుండా బురదలో చుట్టూ తిరిగిపోయినట్టున్నారు, లోపల కొత్త నేలంతా నల్లటి అడుగులు.

నన్ను చూసి పంతులు సార్ బయటికి వచ్చాడు.

"ఏంది సార్ ఇది? దేనికని ఏపిచ్చినారు, ఏం చేస్తాండారు?"

"నీ పేరుండాది కదమ్మా. దాని మీద చెప్పులెట్లా ఇడుస్తారు? నేను చెప్పినా ఇనడంల్యా."

కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి నాకు. అప్పుడే ఒక ముసలమ్మ ఆలస్యంగా వచ్చి, గోడ పట్టుకొని, బండకు ఎడంగా బురదలో అడుగు వేయబోయింది. పరిగెత్తి రెక్క పట్టుకున్నాను.

"అవ్వా, జారతావు! బండ మీదికి రా."

"పేరుండాది తల్లీ, తొక్కితే పాపం."

"అది నా పేరే అవ్వా. నేను చెప్తాండా, తొక్కు."

ఆమె కదల్లేదు. నేనే ముందు నా చెప్పులు విడిచి, సరిగ్గా నా ఇంటిపేరు మీద పెట్టాను. అవ్వ నా మొహం చూసింది. వంగి బండను తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుంది. తర్వాత తన చెప్పులు నా చెప్పుల పక్కన విడిచి, నా చెయ్యి పట్టుకొని లోపలికి నడిచింది.