రెండు పంక్తులు కొట్టేసిన వకాలా

కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన తొలి సెప్టెంబరులో నేను మూడు నెలలు జీతం లేని సెలవు పెట్టి, వెస్ట్ బ్యాంక్‌లోని ఒక పట్టణానికి వాలంటీరుగా వెళ్ళాను. పాలస్తీనా మహిళల హక్కుల కోసం పనిచేసే ఒక స్థానిక సంస్థ, తన వారసత్వ విభాగానికి కాగితాలు తెలిసిన మనిషి కావాలని అడిగింది. కాగితాలు తప్ప నాకు ఇంకేమీ తెలియవు కాబట్టి సరిపోయింది. అప్పటికి కెనడాలో, ఒంటారియోలోని ఏజాక్స్‌లో ఒక న్యాయ సహాయ కేంద్రంలో పద్దెనిమిదేళ్ళుగా పారాలీగల్‌గా ఉన్నాను. పారాలీగల్ అంటే లాయరు కాదు, అలాగని గుమాస్తా కూడా కాదు. అద్దె తగాదాలు, చిన్న దావాలు సొంతంగా చూడవచ్చు. నాకు నోటరీ అధికారం కూడా ఉండేది.

తండ్రి ఆస్తిలో కొడుక్కి రెండు పాళ్ళయితే కూతురికి ఒక పాలు అని అక్కడి చట్టం. ఆ ఒక్క పాలు కూడా అన్నదమ్ములకు వదిలేస్తూ సంతకం పెట్టడం చాలా ఇళ్ళలో ఆచారం. పెట్టకపోతే పుట్టింటి గడప తొక్కే మొహం ఉండదని ఆడవాళ్ళు చెప్పేవారు. తెనాలిలో పుట్టిన నాకు ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ విభాగం నడిపే హుదా అనే లాయరు మొదటిరోజే నాకొక నియమం చెప్పింది. సంతకం పెట్టే మనిషిని విడిగా కూర్చోబెట్టి, ఇష్టపూర్వకంగానే పెడుతున్నావా అని రెండుసార్లు అడగాలి: కాగితం చదవకముందు ఒకసారి, చదివాక ఒకసారి. మూడోసారి అడిగితే అది ఆమె కోసం కాదు, నీ కోసం అంది. నాకు కాస్త కోపం వచ్చింది కానీ రాసుకున్నాను.

డిసెంబరులో తిరిగి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి, ప్రతి సంతకం వెనకా ఒక అన్నయ్య నిలబడి ఉన్నాడనే అనుమానం నన్ను పట్టుకుంది. మా ముందు గదిలో కూర్చునే వరంగల్ అమ్మాయి శిరీష దానికి "ఆంటీ కొత్త జబ్బు" అని పేరు పెట్టింది. ఆఫీసులో ఆంటీ అనొద్దని ఆ పిల్లకు వందసార్లు చెప్పి ఉంటాను.

మార్చిలో ఒక గురువారం, ఒంటిగంటకు, హనాన్ అనే ఆవిడ వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. ఏజాక్స్‌లోనే ఒక డేకేర్‌లో పనిచేస్తుంది. పాలస్తీనా నుంచి పెళ్ళయి ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. వెంట ఆమె పెద్దన్న యూసుఫ్, విజిటర్ వీసా మీద వచ్చినవాడు. ఇస్త్రీ చెడని కోటు, చేతిలో మా అందరికీ స్వీట్ల డబ్బా. మర్యాద తెలిసిన మనిషి. ఆయన తెచ్చిన కాగితం మీద చెల్లెలు సంతకం పెట్టాలి, నోటరీగా నేను ముద్ర వేయాలి. దాన్ని అక్కడ వకాలా అంటారు. మన వకాల్తాకు చుట్టమే. తన తరఫున పనులు జరిపించే అధికారం ఇంకొకరికి ఇవ్వడం.

తొందర కూడా ఉంది. నా ముద్ర ఒక్కటే చాలదు. టొరంటో డౌన్‌టౌన్‌లో ఒక ప్రభుత్వ కౌంటరులో ధ్రువీకరణ ముద్ర వేయించుకోవాలి, ఆ తర్వాత ఇంకా రెండు చోట్ల. ఆయన తిరుగు విమానం మరుసటి వారంలో ఉంది. ఆ రోజు సాయంత్రం కౌంటరు మూసేలోగా మొదటి ముద్ర పడకపోతే మిగతావి అందవు. అక్కడ వాళ్ళ తండ్రి భూమిని వారసుల పేర్ల మీద నమోదు చేయించడానికి గడువు దగ్గర పడింది. కాగితం అందకపోతే ఆ భూమే చిక్కుల్లో పడుతుందని ఆయన చెప్పాడు. అది అబద్ధం కాదని అక్కడ మూడు నెలలున్న నాకు తెలుసు.

కాగితం అరబిక్‌లో ఉంది. మా కేంద్రం నిబంధన ప్రకారం, నాకు చదవరాని కాగితాన్ని కుటుంబానికి సంబంధం లేని అనువాదకులు సంతకం పెట్టే మనిషికి చదివి వినిపించాలి. అదీ విడిగా. యూసుఫ్ ఒక్క క్షణం చెల్లెలి వైపు చూసి, బయటి గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. నేను తలుపు వేసి ఫోన్లో అనువాదకురాలిని పిలిచాను. మొదటిసారి అడిగాను. ఇష్టపూర్వకంగానే అంది హనాన్, చేతిగడియారం చూసుకుంటూ.

అనువాదకురాలు ఒక్కో పంక్తి అరబిక్‌లో చదివి, ఇంగ్లీషులో నాకు చెప్తూ వెళ్ళింది. నమోదు చేయించడం, పన్ను కట్టడం, ఆఫీసుల్లో హాజరు కావడం, అన్నీ మామూలే. రెండో పేజీ చివర రెండు పంక్తులున్నాయి. ఆమె వాటాను ఎవరికైనా, తనకు తానే అయినా, అమ్మడానికో దానంగా రాసివ్వడానికో యూసుఫ్‌కు అధికారం ఉంటుంది. ఈ అధికారాన్ని ఆమె ఎప్పటికీ రద్దు చేయడానికి వీల్లేదు.

హనాన్ ఆ పంక్తులు ఇంకోసారి చదవమంది. విన్నాక బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. నిజం చెప్పాలంటే నాలో భయం కొంత, నేననుకున్నదే నిజమైందన్న సంబరం కొంత. రెండోసారి అడిగాను. ఆమె కాగితాన్ని తన వైపు తిప్పుకుంది.

తలుపు కొట్టి శిరీష తల లోపలికి పెట్టింది. "మేడమ్, ఆయన మల్ల టైం అడుగుతున్నడు. నేను ట్రాఫిక్ చెక్ చేసిన, ఫోర్-ఓ-వన్ హైవే మొత్తం రెడ్‌ల ఉంది."

"ఇంకో పది నిమిషాలు ఆగమను," అన్నాను.

అప్పుడు నేను నా దగ్గరున్న మంచి ఉపాయం బయటికి తీశాను. ఈ వృత్తిలో అందరూ వాడేదే. నోటరీకి నిరాకరించే అధికారం ఉంది, కారణం చెప్పనక్కర్లేదు. ఈ కాగితం చెల్లదని నేనే మీ అన్నయ్యతో చెప్తాను, తప్పు నా మీద వేసుకుంటాను, మీ మీదికి మాట రాదు అన్నాను. పాము చావాలి, కర్ర విరగకూడదు, అంతే.

"మీకు అన్నదమ్ములున్నారా?" అని అడిగింది హనాన్.

క్లయింటుకు సొంత సంగతులు చెప్పకూడదని మాకు నియమం. ఇద్దరున్నారని చెప్పాను. మా నాన్న పోయాక ఏం చేశారని అడిగింది. సెలవు మీద వెళ్ళి, రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టి, పసుపు కుంకుమ కింద ఇచ్చిన పట్టుచీర తీసుకుని వచ్చానని చెప్పాను.

"చదివారా?"

"లేదు."

పద్దెనిమిదేళ్ళు ఊరందరికీ చదవకుండా సంతకం పెట్టొద్దని చెప్పినదాన్ని. ఫోన్లో అనువాదకురాలు కూడా వింటోంది.

హనాన్ ఎగతాళి చేయలేదు. "మీరు ఆపితే ఆఫీసు ఆపినట్టవుతుంది. రేపు స్కార్‌బరోలో ఇంకో ఆఫీసుకు తీసుకెళ్తాడు. అక్కడ కూడా నేను నోరు మూసుకుని కూర్చోవాలి. వద్దు. నేనే చెప్తాను," అంది. ఆమె తల్లి ఆ అన్న ఇంట్లోనే ఉంటుంది. తల్లి ఫోను ఎత్తేది కూడా ఆ అన్నే. అది కూడా ఆమే చెప్పింది. అంటే ఈ తలుపు తీసి ఆమె ఏమైనా అంటే, రేపటి నుంచి తల్లి గొంతు వినిపిస్తుందో లేదో తెలియదు.

"నిజంగానే మీరే చెప్తారా?" అన్నాను.

"మూడోసారి అడుగుతున్నారు," అని లేచింది. హుదా ఎదురుగా ఉంటే నవ్వేది.

అనువాదకురాలి సమయం అయిపోయి ఫోన్ కట్టయింది. నా గదికీ బయటి గదికీ మధ్య అద్దం ఉంది. హనాన్ అన్న పక్కన కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఆ రెండు పంక్తుల మీద వేలు పెట్టి మాట్లాడింది. ఆయన ముందు నవ్వాడు, తర్వాత గొంతు పెంచాడు, తర్వాత లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నోటరీ, పారాలీగల్, మూడు నెలల వాలంటీరు, మూడూ కలిసి కుర్చీలో కూర్చుని చూడటం తప్ప ఏమీ చేయలేకపోయాయి. ఆమె ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు.

రెండు నలభైకి ఇద్దరూ లోపలికి వచ్చారు. యూసుఫ్ నా వైపు చూసి, ఇంగ్లీషులో, మా దగ్గర దస్తావేజు రాసేవాళ్ళ నమూనా ఇదే, అందరిదీ ఇలాగే ఉంటుంది అన్నాడు. అయి ఉండవచ్చు. మా తెనాలిలో లేఖరి కూడా అదే మాట అన్నాడు. ఆయన కావాలని చేశాడో, నమూనా నమ్ముకుని వచ్చాడో నేను ఈనాటికీ చెప్పలేను.

హనాన్ పెన్ను తీసుకుని ఆ రెండు పంక్తులు అడ్డంగా కొట్టేసింది. పక్కన పొడి అక్షరాలు వేసింది, ఆయన చేత కూడా వేయించింది. నేను పాస్‌పోర్టు సరిచూసి, ఆమె సంతకం పెట్టాక నా సంతకం పెట్టి, సీలు నొక్కాను. కొట్టేసిన పంక్తులున్న కాగితాన్ని అక్కడివాళ్ళు ఒప్పుకోకపోతే ఎవరిది బాధ్యత అని ఆయన అడిగాడు. నాది అంది హనాన్. ఆయన కాగితం మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

అప్పటిదాకా నాకు తట్టని సంగతి ఒకటుంది. ఆయనకు ఇక్కడ కారు నడపడం రాదు. రైలు స్టేషన్‌కి వెళ్ళి దొరికిన రైలెక్కితే కౌంటరు మూసేస్తారు. తీసుకెళ్ళాల్సింది ఆమే. కిటికీలోంచి చూశాను. మంచు కరిగి పార్కింగ్ లాట్ అంతా బురదగా ఉంది. ఆమె కారు ముందు తలుపు తెరిచి పట్టుకుంది. ఆయన అది దాటుకుని వెళ్ళి, ట్యాక్సీలో కూర్చున్నట్టు వెనక సీట్లో కూర్చున్నాడు. ఆమె తలుపు మూసి, చుట్టూ తిరిగి వచ్చి, సీటు బెల్టు పెట్టుకుని బయల్దేరింది.

ముద్ర ఆ సాయంత్రమే పడిందట. కాగితం చెల్లింది. జూన్‌లో అద్దె తగాదా ఒకటి పట్టుకుని ఆమె మళ్ళీ వచ్చినప్పుడు తెలిసింది. భూమి నమోదులో తన పేరూ ఉందని చెప్పింది. తల్లి శుక్రవారాలు పక్కింటివాళ్ళ ఫోను నుంచి మాట్లాడుతోంది. అన్న మాట్లాడటం లేదు.

నేను రిటైరై రెండేళ్ళయింది. విదేశాల్లో ఇలాంటి పనికి వెళ్ళే వాలంటీర్లు అప్పుడప్పుడు సలహా కోసం వస్తుంటారు. చట్టం గురించి నేను వాళ్ళకు పెద్దగా చెప్పను, అది పుస్తకంలో ఉంటుంది. ఈ ఒక్కటే చెప్తాను. హనాన్‌కు హక్కు ఉందని చెప్పడానికి నాకు పట్టింది నలభై నిమిషాలు, అదీ జీతం తీసుకుని, తలుపు వేసిన గదిలో. ఆ హక్కు వాడుకున్నాక, మాట్లాడని అన్నను వెనక సీట్లో పెట్టుకుని గంటన్నర కారు నడిపింది ఆమె. సంతకం దగ్గర కూర్చున్న మనిషిని, పెట్టినా పెట్టకపోయినా, ఇక్కణ్ణుంచి ఎవరితో కలిసి వెళ్ళాలో ముందు అడగండి.