ఐదుగురికి ఒక జవాను

ఉదయం ఆరూ ఇరవైకి మా మూడు మిలటరీ లారీలు గురజాల దాటి వాగు ఒడ్డున ఆగాయి. వాన వెలిసింది. గాలి లేదు. నల్లరేగడి బూట్లకు అంటుకుని అడుగు తీయనివ్వడం లేదు. వంతెన ఉండాల్సిన చోట నలభై అడుగుల ఖాళీ. కింద బురదనీళ్లు.

అంతకుముందు పదిహేడేళ్లు మంచులోనూ ఇసుకలోనూ పనిచేశాను. సొంత జిల్లాలో డ్యూటీ పడటం అదే మొదలు. మాది ఎడ్లపాడు. ఇంజనీర్ల పటాలంలో హవల్దారుని. నా కింద పన్నెండు మంది జవాన్లు.

అవతలి ఒడ్డు గట్టిగానే ఉంది. ఇవతలిది కోసుకుపోయింది. ఇక్కడ ఇనుప వల బుట్టల్లో రాళ్లు పేర్చి గోడ లేపాలి. దానిమీద ఇనుప వంతెన నిలపాలి. గడువు మూడు రోజులు. అవతల ఊరిలో ఒకాయనకు వారానికి రెండుసార్లు నరసరావుపేటలో డయాలసిస్ జరగాలి. ఆయన్ని రబ్బరు పడవలో దాటిస్తున్నారు. నీళ్లు ఇంకో రెండడుగులు పెరిగితే పడవ నడవదు.

రాతిపనికి నలభై మంది కూలీలు వచ్చారు. కెప్టెన్ సాబ్ వైర్‌లెస్‌లో ఆర్డరిచ్చాడు.

"ఐదుగురికి ఒక జవాను. గంటకోసారి హాజరు. మనం చూడకపోతే పని సాగదు."

"సరే సాబ్."

వంతెనకు బిగించే ఇనుప ప్యానెల్ ఒక్కోటి రెండు వందల అరవై కిలోలు. మోయడానికి ఆరుగురు కావాలి. ఎనిమిది మంది కాపలాకు పోతే నాకు మిగిలేది నలుగురు. అయినా ఆర్డర్ ఆర్డరే. ఎనిమిది మందినీ నిలబెట్టాను.

పదకొండింటికి ఒక జవాను అరుస్తున్నాడని వెళ్లాను. రాళ్లు అందించే ఆడవాళ్ల వరుస ఆగిపోయి ఉంది. ముందు నిలబడ్డ కోటమ్మ నడుం మీద చెయ్యేసుకుని నన్ను చూసింది.

"మేం ఊరికే ఆగలేదన్నా. మేస్త్రి ఆపమన్నాడు."

మేస్త్రి ఖాసిం గోడ పునాది గోతిలో ఉన్నాడు. అరవై దాటిన మనిషి. తాను పేర్చిన వరుసనే పలుగుతో పెకలిస్తున్నాడు. రెండు గంటల పని అది.

"ఏంది బాబాయ్, ఎందుకు తీస్తన్నావు?"

"అడుగు రాయి ఆడతంది."

నేను దిగి, ఆ రాయి మీద రెండు కాళ్లూ పెట్టి ఊగాను. నాకేమీ తెలియలేదు. జవాను కూడా అంతకుముందే బాగుందని రాసుకున్నాడు.

"మీవోడు బాగుందన్నాడు. నాకు బాగలేదు," అన్నాడు ఖాసిం. చెప్పుల్లేని పాదం ఆనించి చూపించాడు. "బూటుకి తెలవదు అబ్బాయా, కాలికి తెలిసిద్ది."

రాయి లేపించాం. కింద పిడికెడు మెత్తటి బురద. బరువు పడితే ముందు అక్కడే కుంగేది. నేను గోతి అంచున కూర్చుండిపోయాను. పటాలంలో మాకు నేర్పిన కొలతలన్నీ నాకు కంఠస్థం. ఈయన అరికాలికి తెలిసింది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

పదకొండున్నరకు ఏడుగురు జవాన్లను ప్యానెళ్ల మీదికి పంపేశాను. ఆర్డర్ తప్పానని నాకు తెలుసు. ఎనిమిదోవాణ్ణి నీళ్ల అంచున, గుర్తులు పెట్టిన కర్ర దగ్గర ఉంచాను. చేతిలో విజిల్. నీళ్లు జానెడు లేస్తే ఊదాలి. గోతిలో దిగే ప్రతి మనిషీ లైఫ్ జాకెట్ వేసుకోవాలి.

కోటమ్మ జాకెట్ విసిరేసింది. "ఇదేసుకుంటే నడుం ఎట్టా వంగిద్ది?"

"రాళ్ల సంగతి మీరు చూసుకోండి, నేను అడగను. నీళ్ల సంగతి నాది. ఏసుకోనోళ్లు పైనుండాల్సిందే."

తిట్టుకుంటూనే వేసుకుంది.

మరునాడు మధ్యాహ్నం రెండూ పదికి విజిల్ మోగింది. ఎగువన ఎక్కడో వాన పడినట్టుంది. అందరూ పైకెక్కారు, ఖాసిం తప్ప. చివరి బుట్ట మూతకు తీగ చుడుతున్నాడు. నీళ్లు మోకాలు దాటాయి.

"ఎక్కు బాబాయ్."

"ఒక్క ముడి అబ్బాయా."

నేను దూకి జాకెట్ పట్టుకుని లాగాను. పైనుంచి తాడేసి ఇద్దరినీ లాక్కున్నారు. ఒడ్డున పడ్డాక ఆయన నా చెయ్యి విదిలించుకుని దూరంగా పోయాడు. తర్వాత తన టీ గ్లాసు నా చేతిలో పెట్టి పక్కన కూర్చున్నాడు.

సాయంత్రానికి నీళ్లు తగ్గాయి. అదే సమయానికి కెప్టెన్ సాబ్ జీపు దిగాడు.

"కాపలా జవాన్లు ఏరి?"

"ప్యానెళ్ల మీద, సాబ్. నేనే పంపాను."

ఆయన మట్టం పెట్టి గోడను ఈ చివర నుంచి ఆ చివరికి చూశాడు. మళ్లీ చూశాడు. వరద తాకిన గోడ దారమంతైనా జరగలేదు. ఆయన నావైపు తిరగలేదు.

"రేపు పొద్దున్నే వంతెనను అవతలి ఒడ్డుకు తొయ్యండి," అన్నాడు.

మూడో రోజు పదిన్నరకు వంతెన అవతలి ఒడ్డును అందుకుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు రాళ్లు నింపిన మా లారీని పరీక్షకు ఎక్కించాం. డయాలసిస్ ఆయన అవతలి ఒడ్డున ఆటోలో కూర్చుని చూస్తున్నాడు. లారీ క్షేమంగా దాటాక ఆయన ఆటో ఇవతలికి వచ్చింది. ఎక్కడా ఆగకుండా నరసరావుపేట దారి పట్టింది. నాలుగింటికి మేం సామాను సర్దుకుని బయల్దేరాం.

రిటైరై ఇప్పుడు ఎడ్లపాడులోనే ఉంటున్నాను. ఎవరైనా ఇల్లు మొదలుపెడితే నా దగ్గరికొస్తారు. "మిలటరీ మనిషివి, కూలోళ్ల మీద ఒక కన్నేసి ఉంచు" అంటారు. సరేనని వెళతాను. పరంజా కర్రలూ తాళ్లూ ఊపి చూస్తాను. ఆ తర్వాత కాసేపు ఊరికే నిలబడతాను.

అప్పుడు ఆ ఒంటిగంట కళ్ల ముందుకొస్తుంది. లారీ ముందు చక్రాలు వంతెన ఎక్కుతున్నాయి. నేను కిందికి చూశాను. ఖాసిం, కోటమ్మ, ఇంకో ఏడుగురు వంతెన కింద ఉన్నారు. అక్కడ నిలబడమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. విజిల్ ఊది వాళ్లను బయటికి రప్పించడం నా డ్యూటీ. విజిల్ నోట్లోనే ఉంది, ఊదలేకపోయాను. వాళ్ల నెత్తిమీద తొమ్మిది టన్నుల బరువు కదులుతోంది. తొమ్మిది మందీ అరచేతులు గోడకు ఆనించి, కళ్లు మూసుకుని, రాయి ఏం చెబుతుందో వింటున్నారు.