దుబాయ్‌కి రెండున్నర గంటలు

అరేబియా సముద్రం మీద దారి తప్పిన విమానాన్ని కనిపెట్టింది నేనొక్కణ్ణే! ఈ సంగతి మా కూర్మన్నపాలెంలో తెలియనివాళ్లు లేరు, అందరికీ నేనే చెప్పాను కాబట్టి.

నిజం మాత్రం ఇది. దుబాయ్‌లో కాలు విరిగిన మా బావమరిదిని చూడ్డానికి నేనూ, మా ఆవిడ సత్యవతీ హైదరాబాద్‌లో విమానం ఎక్కాం. ఇద్దరికీ అదే మొదటిసారి. ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్లు, గేటు లోపలికి వెళ్లిన టైమూ బయటికొచ్చిన టైమూ చూసి డ్యూటీ లెక్కేసుకున్నవాణ్ణి. టికెట్ మీద పదికి బయలుదేరి పన్నెండున్నరకు దిగుతుందని ఉంది.

"రెండున్నర గంటలే, భయపడకు" అన్నాను.

"సర్లెండి, మీరు లెక్కేసినారు కదా" అని నవ్వింది.

నా చేతి గడియారంలో పన్నెండున్నర దాటింది. కిటికీలోంచి చూస్తే కింద నీళ్లే. ఎదుటి తెరమీద ఇంకా వెయ్యి కిలోమీటర్లు! ఆమె చూస్తే తట్టుకోలేదని గడియారాన్ని చొక్కా చేతి కింద దాచి, దారి తప్పామా అని విమానంలో పనిచేసే అమ్మాయిని గుసగుసగా అడిగాను.

"దుబాయ్ టైము మనకన్నా గంటన్నర వెనక, తాతగారూ. ప్రయాణం నాలుగు గంటలు" అంది.

సత్యవతి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పాపం, బెదిరిపోయిందనుకున్నాను. ఆ పట్టు తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె నిమ్మళిస్తుంది.

ఇంతవరకు రాసి ఆమెకు చదివి వినిపించాను.

"నాను బెదరడమేటి? బెదిరింది మీరు. నాలుగు గంటలని నాను కౌంటర్ కాడే అడిగి తెల్సుకున్నాను. ముందే సెప్తే మీరు విమానం ఎక్కుదురేటి?"