గెలవకముందే నేసిన తువ్వాళ్లు

మా చిన్నప్పుడు... ప్రొద్దుటూరులో మా వీధి మగ్గాలన్నీ పొద్దుగూకేదాకా ఆడుతూనే ఉండేవి. ఒక్క మగ్గం మాత్రం ఎండ తగ్గగానే ఆగిపోయేది. అది మా నాయనది. కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంటలోంచి లేచి, కాళ్లు విదిలించుకుని, మా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆడే మైదానానికి వెళ్లిపోయేవాడు. ఆయన ఎన్నడూ బంతిని తన్నలేదు. కానీ ఆ జట్టు మీద ఆయనకున్న నమ్మకం ఆడేవాళ్లకు కూడా ఉండేది కాదు.

కొత్తగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజులు. ఆ ఎండాకాలం చుట్టుపక్కల ఊళ్ల పోటీలో మావాళ్లు పులివెందులను ఓడించారు. ఇక చివరి ఆట, జమ్మలమడుగులో, జమ్మలమడుగు వాళ్లతోనే.

"కప్పు మనదే," అన్నాడు నాయన సంగటి ముందు కూర్చుని.

"ఓడిపోతే?" అంది అవ్వ.

"ఎట్ల ఓడిపోతామమ్మా? మన హుసేను చేతులు చూసినావా? చేటలు. చేటల్లోంచి బంతి యాడికి పోతాది?"

హుసేన్ మామది మా పక్కిల్లు. నూలుకు రంగులు అద్దేవాడు. జట్టులో గోలు కాసేది ఆయనే.

మరునాడు నాయన నన్ను మగ్గం దగ్గరికి పిలిచాడు. మా ఇంట్లో అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే. అయిదో తరగతి అయిపోయింది, హైస్కూల్లో చేరాలి. అవ్వకు అది ఇష్టం లేదు. "ఆడపిల్ల కండెలకు నూలు చుట్టుకుంటే చాల్లే," అనేది.

"పాపా, 'గెలిచిన ప్రొద్దుటూరు' అని రాసియ్యి. పదకొండు మందికీ తువ్వాళ్లు నేస్తా. మనోళ్లు అవి వేసుకుని ఊరేగితే ఊరంతా నీ అక్షరాలే చూస్తాది. అప్పుడు మీ అవ్వే నిన్ను బడికి తోలుతాది."

చదరాల కాగితం మీద రాసిచ్చాను. మన గుండ్రటి అక్షరాలు మగ్గానికి అంత సులువుగా లొంగవు... వంపులన్నీ మెట్లు మెట్లుగా వస్తాయి. నాయన వేళ్లతో పోగులు ఎత్తి, ఎర్రనూలు చొప్పిస్తూ నేశాడు. 'ప్రొ' దగ్గర ఎన్నిసార్లు విప్పాడో.

అవ్వ చూసి, "ముందు ఆట కానీరా, నేత యాడికి పోతాది?" అంది. నాయన నవ్వాడు.

ఆట రోజు నన్నూ తీసుకెళ్లాడు, అక్షరాలు రాసింది ఎవరో చూపించాలని. బస్సులో తువ్వాళ్ల మూట నా ఒళ్లోనే ఉంది.

సగం ఆట అయ్యేసరికి మావాళ్లు ఒక గోలు ముందున్నారు. నాయన ఇంక ఆగలేదు. మూట విప్పి ఆటగాళ్ల భుజాల మీద తువ్వాళ్లు వేయడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడొద్దన్నా, ఇంకా సగమాట ఉండాది," అన్నాడు హుసేన్ మామ.

"ఉండనీలే. ఇదిగో, రాసింది మా పాపే."

మళ్లీ ఆడటానికి వెళ్తూ వాళ్లు ఆ తువ్వాళ్లను మైదానం చుట్టూ కట్టిన తాడు మీద వేశారు. నాయన ఒక్కొక్కటీ అక్షరాలు జనానికి కనబడేలా సర్దాడు. జమ్మలమడుగు వాళ్లు గుమిగూడి చదివారు.

"గెలిచిన ప్రొద్దుటూరంట. ఎప్పుడు గెలిచినారప్పా? మాకు చెప్పనే లేదే."

"ఇంకొంచేపట్లో చెప్తాం లే," అన్నాడు నాయన.

తర్వాత వరసగా మూడు గోల్స్ పడ్డాయి... మూడూ మా మీదే. చివరిది హుసేన్ మామ రెండు చేతుల మధ్య నుంచే పోయింది.

ఈలలు, డప్పులు. నాయన ఉన్నచోటనే కూర్చుండిపోయాడు. తాడు మీది తువ్వాళ్లు తీయాల్సింది నేనే. ఒక్కొక్కటి తీస్తుంటే వెనక ఎవరో ఒక్కొక్కసారీ పైకి చదివేవారు, "గెలిచిన ప్రొద్దుటూరు... గెలిచిన ప్రొద్దుటూరు..." నా చెవులు కాలిపోయాయి. రాయడం ఎందుకు నేర్చుకున్నానా అనిపించింది.

తిరుగు బస్సులో హుసేన్ మామ అన్నాడు. "అన్నా, నువ్వు అది నా భుజాన వేసినంక చేతులు బిగుసుకపోయినాయి."

నాయన తువ్వాళ్ల మూటను సీటు కిందికి తోశాడు. ఆ రోజు ఆయన పక్కన కూర్చోవడానికి కూడా నాకు సిగ్గుగా ఉండింది.

వీధిలో పిల్లలు నాకు ఆ పేరే పెట్టారు. నీళ్లకు పోతే, "గెలిచిన ప్రొద్దుటూరు వస్తాంది, దారియ్యండి" అనేవారు. నేను ఇంట్లో ఒక మూల కూర్చుని, బడికి పోనని తేల్చి చెప్పాను.

"మంచిదే," అంది అవ్వ కండెల బుట్ట నా ముందుకు జరిపి.

బడి తెరిచిన రోజు పొద్దున్నే నాయన నన్ను లేపి తల దువ్వించాడు. ఆయన భుజం మీద ఆ తువ్వాళ్లలో ఒకటి ఉంది. దారిపొడుగునా జనం చూస్తున్నారు. నేను తల ఎత్తితే ఒట్టు.

హెడ్మాస్టరు గారు బల్ల వెనక నుంచి, "ఈ పిల్లకు రాయడం బాగా వచ్చా?" అని అడిగారు.

నాయన తువ్వాలు తీసి బల్ల మీద పరిచాడు. "ఇది దీని రాతే, సార్."

ఆయన చదివి, కళ్లజోడు పైనుంచి చూశారు. "ఏ ఆటలోనప్పా గెలిచింది?"

గదిలో అందరూ నవ్వారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

"ఆట పోయింది సార్. గెలుస్తామని ఎగిరింది నేను, దానికి సిగ్గు నాది. అక్షరాలు మటుకు సక్కంగానే ఉండాయి, చూడండి."

ఎవరూ నవ్వలేదు. హెడ్మాస్టరు గారు కలం తీసి నా పేరు అడిగారు. నాయనే చెప్పాడు.

ఇప్పుడు నేను టీచరు ట్రైనింగు చదువుతున్నాను. ఆ మైదానంలో ఇళ్లు లేచాయి, జట్టు ఎప్పుడో చెదిరిపోయింది. వీధిలో రేడియో చుట్టూ చేరి ఆటల సంగతులు వింటారు. ఎవరు గెలుస్తారని అడిగితే "చూద్దాం" అంటారు. తెలివైన మాటే... కానీ పదిమందిలో తలదించుకోవాల్సి వచ్చేంత గట్టిగా దేన్నైనా నమ్మే మనిషి మా నాయన తర్వాత మా వీధిలో ఒక్కరూ కనబడరు. మీ ఇంట్లో అలాంటివారు ఉండేవారా? ఉంటే చెప్పండి... వాళ్ల పక్కన సిగ్గుతో నిలబడింది మీరే అయినా సరే.