నువ్వనలేని పిల్లలకు ఇంగ్లీషు చెప్పినావిడ

మా ఇంగ్లీషు టీచరుగారు మంగళవారం ఏలూరు ఆసుపత్రిలో ప్రభువు సన్నిధికి వెళ్లారు. ఆ కబురు చెప్పింది అక్కడే నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయి.

భూస్థాపన దగ్గర పెద్దమనుషులు వరసగా లేచి ఇంగ్లీషులో సంతాపం చెప్పారు. లేఖనం ఊరికే అనలేదు, పైకి తెలుపూ లోపల కుళ్లూ, సున్నం కొట్టిన సమాధులని. ఆవిడ బతికుండగా, చేపల చెరువుల పిల్లలకి ఇంగ్లీషెందుకండీ అని నవ్వింది వీళ్లే. ఇంగ్లీషు పేపరొచ్చే ఇంట్లో పుట్టి, ఆ భాషంతా సొంత తెలివితో సంపాదించామని మురిసిపోయే మనుషులు.

మాది కొల్లేరు ఒడ్డు. ఆవిడ గణపవరం నుంచి బస్సులో వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, పిల్లల్ని కూడా మీరు అనే పిలిచేవారు. తప్పు చదివితే, "మళ్లీ అనండి, నాలుకేం అరిగిపోదు" అనేవారు.

ఆవిడ దగ్గర చదువుకున్న మా అమ్మాయి అప్పట్లో నర్సింగు సీటుకి ఇంటర్వ్యూకెళ్లింది. రాకపోతే రొయ్యలు ఒలిచే షెడ్డే గతి. కోటు తొడుక్కున్న ఒకాయన ఏదో అడిగితే, "సార్ గారు ఆస్క్ మీ" అని ఆగిపోయింది. ఎదురుగా ఉన్న మనిషిని సార్ గారు అంటుందేమిటని గదంతా నవ్వింది. లేఖనంలో, ఒక్క మాటకి నోరు తిరగలేదని యొర్దాను రేవుల్లో మనుషుల్ని నరికినవాళ్ల సంతతి ఇంకా ఉంది. కత్తులు పోయి కుర్చీలొచ్చాయి, అంతే.

తోడుగా వచ్చి వరండాలో కూర్చున్న టీచరుగారు లోపలికెళ్లారు. "ఈ అమ్మాయికి ఇంగ్లీషు రాక కాదండీ. తమర్ని యూ అనడానికి నోరు రావట్లేదు. మావాళ్లకది నువ్వన్నట్టుంటుంది" అన్నారు.

భోజనాలయ్యాక మళ్లీ రమ్మన్నాడు ఆ కోటాయన, వరమిచ్చినట్టు.

మెట్ల మీద ఏడుస్తున్న మా అమ్మాయిని ఆవిడ అడిగారు. "ప్రార్థనలో దేవుణ్ణి ఏమంటారు?"

"నువ్వనే అంటామండీ."

"ఈ సారు ఆయన కంటే పెద్దాయనా?"

వేదాంత కళాశాలల్లో గౌన్లు తొడుక్కున్న ఒక్కడి నోటా నేనీ మాట వినలేదు.

అమ్మాయి లోపలికెళ్లి, కళ్లు మూసుకుని, "యూ ఆస్క్‌డ్ మీ, సార్" అని మొదలుపెట్టింది. సీటిచ్చారు.

మంగళవారం ఆ వార్డులో డ్యూటీ తనదే. టీచరుగారికి చూపు ఆనడం లేదు, పోల్చుకోలేదట. "సిస్టరుగారూ, కాసిని మంచినీళ్లిస్తారా అండీ" అన్నారట. మా అమ్మాయి గ్లాసు నింపి అందించింది. ఆవిడ తాగి, ఖాళీ గ్లాసు రెండు చేతులతో తిరిగిచ్చారట, పెద్దవాళ్లకి ఇచ్చినట్టు.